మూడు విందుల గోడ

"ఐసు పెట్టెలో సేపలుంటాయి గానీ మనుసులుంటారేటి, మేస్త్రీ?"

సోమేశ్వరరావుని ఈ మాట అడిగింది పెద్దతల్లి. అక్కుపల్లి ఇసుకలో, నలుగురి మధ్య, నెత్తిమీద తట్ట దించకుండానే అడిగింది. జవాబు చెబుదామని అతను నోరు తెరిచేలోగా ఆ నలుగురూ నవ్వేశారు. దాంతో జవాబు గొంతులోనే ఉండిపోయింది. అది బయటికి రావడానికి ఏడాదీ రెండు నెలలూ పట్టింది, వచ్చినప్పుడు తొమ్మిదడుగుల ఎత్తున వచ్చింది.

పెద్దతల్లి కాంక్రీటు ముఠాకి పెద్ద. ఇరవై రెండు మంది ఆమె లెమ్మంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు. పలాస నుంచి టెక్కలి దాకా ఎవరింటి స్లాబు పడాలన్నా సిమెంటు ధర తర్వాత కనుక్కోవలసింది పెద్దతల్లి ఖాళీయే. స్లాబు రోజు తెల్లారకుండానే కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలవుతుంది, తట్టలు చేతులు మారుతూ పైకి పోతూనే ఉంటాయి. మధ్యలో ఎవరూ ఆగరు, ఎందుకంటే రేటు మొత్తం పనికి, గంటలకి కాదు. పని దిగగానే ఇంటాయన ముఠాకి విందు పెట్టాలి. మేకో, కోడో, మనసున్న మారాజైతే రెండూనో. దీన్ని గ్రామీణ సంస్కృతి అని ఎవరైనా మురిసిపోతే పెద్దతల్లికి నవ్వొస్తుంది. ఆమె లెక్కలో అది కూలిలో ఉడకబెట్టి ఇచ్చే వాటా.

ఇక సోమేశ్వరరావు. యాభై రెండేళ్ళు. ఉద్దానంలో ఎకరంన్నర జీడితోటా, పెరట్లో రెండు పనసచెట్లూ, ముప్ఫై ఏళ్ళుగా చేతిలో తాపీ. ఇతని జీవితంలో కన్నీళ్ళూ త్యాగాలూ వెతికేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. ఇతను మూడు పూటలా తిన్న మనిషి, నాలుగో పూట ఉంటే బాగుణ్ణు అనుకునే మనిషి. కట్టిన ఇళ్ళన్నీ గుర్తున్నాయో లేదో గానీ ఏ ఇంట్లో ఏం పెట్టారో చెప్పగలడు.

విశాఖపట్నం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ పనికి వెళ్ళినప్పుడు అతను మొదటిసారి థర్మాకోల్ గోడ చూశాడు. రెండు మందపాటి థర్మాకోల్ పలకలు, మధ్యలో ఆరంగుళాల ఖాళీ, రెండింటినీ పట్టి ఉంచే ప్లాస్టిక్ బద్దలు. అదీ దిమ్మ. నాలుగడుగుల పొడవున్న దిమ్మని ఒక్క చేత్తో ఎత్తొచ్చు, కొబ్బరిబోండాం బరువుండదు. పిల్లలు ఆడుకునే ముక్కల్లాగా ఒకదాని మీద ఒకటి నొక్కితే కరుచుకుంటాయి. ఆ ఖాళీలో రాడ్డు నిలబెట్టి పైనుంచి కాంక్రీటు పోస్తే నడుమ కాంక్రీటు గోడ, దానికి అటూ ఇటూ థర్మాకోల్ దుప్పటి. అచ్చు విప్పే పని లేదు, అచ్చు కూడా గోడే. ఎండ లోపలికి రాదు. చప్పుడు లోపలికి రాదు. షరతు మాత్రం ఒకటుంది. మూడడుగులు పోశాక గంటసేపు ఆగాలి. అది బిగిశాకే మరో మూడడుగులు. తొందరపడి తొమ్మిదడుగులూ ఒక్కసారే పోస్తే ఆ బరువుకి థర్మాకోల్ పొట్ట ఉబ్బి పగులుతుంది.

సోమేశ్వరరావు ఆ గోడని చెంపతో ముట్టుకుని చూశాడు. బయట మే నెల, లోపల మంచు. ప్రేమ అంటే ఏమిటో యాభై ఏళ్ళ వయసులో ఒక మేస్త్రికి అర్థమైతే ఇలాగే ఉంటుంది కాబోలు. రెండు వారాలు అక్కడే ఉండి, దిమ్మ ఎలా నిలబెట్టాలో, కర్రల ఆపులు ఎలా పెట్టాలో నేర్చుకుని ఊరికొచ్చి అందరికీ చెప్పాడు. ఎవరూ వినలేదు, ఒక్క భానుప్రకాష్ తప్ప.

భానుప్రకాష్ అక్కుపల్లిలో చేపల వ్యాపారి. అతనికి చేపలూ ఐసూ దాచుకోవడానికి గది కావాలి. పని మొదలైంది, దిమ్మలు నిలబడ్డాయి. ఇళ్ళు కూడా ఇలాగే కట్టొచ్చని సోమేశ్వరరావు అన్నాడు. పెద్దతల్లి అడగవలసిన మాట అడిగేసింది, నవ్వవలసినవాళ్ళు నవ్వేశారు. పోత రోజున భానుప్రకాష్ ముచ్చటపడి మేకని కోయించాడు.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. పదిన్నరకి గాలి తిరిగి మసాలా వాసన ముఠా దాకా వచ్చింది. వాసన తగిలిన ముఠాని సముద్రం కూడా ఆపలేదు. సోమేశ్వరరావు "గంట ఆగండ్రా, గంట ఆగండ్రా" అని గోడ చుట్టూ పరిగెడుతూనే ఉన్నాడు. పదకొండుంబావుకి మూల దిమ్మ 'ఫట్' మంది. కాంక్రీటు తీరుబడిగా, చిక్కగా, ఇసుకలోకి నడుచుకుంటూ వచ్చింది.

"పాయసంలాగ ఉన్నాదర్రా!" అన్నారెవరో.

ఆ క్షణం నుంచి అతను పాయసం మేస్త్రి. తప్పు గోడది కాదు, మేకది అని అతను చెప్పిచూశాడు గానీ మేక తరఫున అప్పటికే అందరూ ఉన్నారు. మరుసటి వారం ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, నాలుగు రోజులపాటు, మేక లేకుండా, అదే గదిని మళ్ళీ కట్టిచ్చాడు. అది నిలబడింది. అయితే నిలబడిన గోడ ఎవరికి గుర్తుంటుంది? తర్వాత ఏడాదిపాటు అతనికి దొరికింది వేరే మేస్త్రిల కింద ప్లాస్టరింగ్ పని.

అలా ఉండగా టెక్కలి నుంచి యజ్ఞనారాయణ మాస్టారు ఫోన్ చేశారు.

యజ్ఞనారాయణ ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. టెక్కలిలో స్థలం కొన్నప్పుడు పక్క స్థలం ఖాళీగా ఉండేది. ఇప్పుడు అందులో కల్యాణమండపం ఉంది. ముహూర్తాల రోజుల్లో డీజే మోతకి మాస్టారి పళ్ళెంలో మెతుకులు గెంతుతున్నాయి. చప్పుడు రాని గోడ ఉందని ఎక్కడో చదివి, వాకబు చేసి, భానుప్రకాష్ చేపల గదికి స్వయంగా వెళ్ళారు. తలుపు వేసుకుని లోపల నిలబడ్డారు. సముద్రం ఆగిపోయింది. మూడు రోజుల కిందటి ఐసు దిమ్మ మూలన కాళ్ళు చాపుకుని కూర్చునుంది. పావుగంట తర్వాత ముక్కు మూసుకుని బయటికొచ్చి, "చేపల సంగతి ఎలా ఉన్నా, గోడ మాత్రం మౌనవ్రతం పట్టింది" అన్నారు.

ఒప్పందం మాస్టారే రాశారు. ముత్యాల్లాంటి దస్తూరీ, ఇరవై రెండు షరతులు. పద్దెనిమిదో షరతు ఇలా ఉంది: 'స్లాబు ఒక్కింటికి పనివారలకు ఒక విందును యజమాని ఇచ్చువాడు.' సోమేశ్వరరావు కింద సంతకం పెట్టి, తిన్నగా పెద్దతల్లి ఇంటికెళ్ళాడు.

"ఇంకోపాలి సూద్దుమా, పెద్దతల్లీ?"

ఆమె గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. తల ఎత్తలేదు.

"సూడు మావా. ఒకపాలి పగిలింది, నవ్వినాం, అయిపోనాది. టెక్కలిల మాస్టారి ఇల్లది. అక్కడ పగిలితే నాను నవ్వను. పెద్దతల్లి పోసిన గోడ పగిలిందంట అంటారు. ఆ తరవాత నీ పనికి నాను రాను, మరో ముఠాని రానివ్వను. తాపీ ఒగ్గేసి కొబ్బరికాయలు ఒలుసుకో."

"పగలదే."

"పోన్సారీ అదే సెప్పినావు."

ముఠా లేని మేస్త్రి అంటే డప్పు లేని ఊరేగింపు. అంటే ఈ గోడ పగిలితే సోమేశ్వరరావుకి జీవితాంతం మిగిలేది ఇంకొకడి గోడకి పూత పుయ్యడమే. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు, చింతపండుకి తప్ప అందరికీ తెలుసు.

ఏప్రిల్ మొదటి వారంలో దిమ్మల లారీ వచ్చింది. వచ్చింది అనడం కన్నా చాలావరకు వచ్చింది అనాలి. నౌపడ దగ్గర సముద్రపు గాలి తాడు ఊడదీసి పదకొండు దిమ్మల్ని ఉప్పుమడుల్లోకి పంపేసింది. సోమేశ్వరరావు మోటారుసైకిలు మీద వెళ్ళేసరికి అవి తెల్లటి ఉప్పు మీద తెల్లటి బాతుల్లా తిరుగుతున్నాయి. ఉప్పు కూలీలు నాలుగింటిని పట్టుకుని వాటిమీద కూర్చుని అన్నాలు తింటున్నారు.

"ఇవేటి బావూ?"

"గోడలు."

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "గాలికెగిరిపోయే గోడలేటి బావూ!" అని ఒకాయన అన్నం పొలమారి దగ్గు ఆపుకోలేకపోయాడు. అయినా మడుల్లో దిగి పదకొండూ పట్టుకొచ్చారు. ఒక్కటి మాత్రం కూర్చోడానికి మెత్తగా ఉందని ఒక ముసలామె ఇవ్వనంది. సోమేశ్వరరావు పదితో వెనక్కొచ్చాడు.

ఇల్లు దిమ్మలతో రెండు రోజుల్లో నిలబడింది. ఏడు వరసలు, తెల్లగా, తేలిగ్గా, పెళ్ళి కేకులాగా. మాస్టారి భార్య రామలక్ష్మి గారు ప్రధాన గుమ్మం ముహూర్తానికి పసుపు రాయబోతే ద్వారబంధం పక్కన థర్మాకోల్ కూడా పచ్చబడింది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి గోడని వేలితో పొడిచి చూసి, దక్షిణ పుచ్చుకుని వెళ్ళిపోయారు.

ఇక పోత మాత్రమే మిగిలింది. సోమేశ్వరరావుకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు, ఇది అతని చరిత్రలో లేని విషయం. ముఠాని గంటసేపు ఆపడం ఎలా? ఆగమంటే ఆగరు. ఖాళీగా కూర్చోబెడితే ఊరుకోరు, ఇంకో చోట పని ఉందని లేచిపోతారు. అరిస్తే ఏమవుతుందో అక్కుపల్లిలో చూశాడు.

పోతకి ముందు సాయంత్రం పెద్దతల్లి స్థలం చూడటానికి వచ్చింది. రామలక్ష్మి గారు ఆదరంగా అడిగారు: "రేపు ఎంతమందికి వండమంటావమ్మా? పులిహోర, గారెలు చేయిద్దామని."

పెద్దతల్లి రెండడుగులు వెనక్కి వేసింది.

"పులిహోరకి స్లాబెత్తుతారేటమ్మా!"

"మా ఇంట్లో మాంసం ఉండదు కదా..."

"మరి మా ఒంట్లో ఉండాల కదమ్మా."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చారు. "అసలు విందు ప్రసక్తి ఏమిటి? రేపు పడేది గోడ. పద్దెనిమిదో షరతులో స్లాబు ఒక్కింటికి అని ఉంది, గోడ ఒక్కింటికి అని లేదు. ఏదో రామలక్ష్మి మంచితనం కొద్దీ పులిహోర అంటోంది."

"మాస్టారూ, రేపు మిల్లరు తిరుగుద్దా?"

"తిరుగుతుంది."

"కాంక్రీటు పడుద్దా?"

"పడుతుంది."

"నా ముఠా తట్ట ఎత్తుద్దా?"

"ఎత్తుతుంది."

"మరి స్లాబే కదేటి!"

"గోడని స్లాబంటే, రేపు కప్పుని ఏమంటావు?"

"పైస్లాబు."

ముప్ఫై నాలుగేళ్ళు సమాసాలతో పిల్లల్ని ఏడిపించిన మనిషికి ఈ సమాసం కొరుకుడు పడలేదు. లోపలికెళ్ళి నిఘంటువు తెచ్చారు. అది 'స్ర' నుంచి తిన్నగా 'స్వ'లోకి దూకేసింది, మధ్యలో స్లాబు లేదు. పెద్దతల్లి నిఘంటువు వైపు జాలిగా చూసి, చేతికందిన జయాన్ని ఇంకాస్త సాగదీద్దామని అంది: "అయినా మేస్త్రి మూడు పాలులు పోత్తామంటన్నాడు. ఆపి ఆపి మూడు పాలులంటే మూడు స్లాబులు. మూడు విందులు."

అది వెటకారానికన్న మాట. సోమేశ్వరరావు చెవికి మాత్రం గుడిగంటలా వినిపించింది. మూడు సార్లు పోత, మధ్యలో గంట, మధ్యలో గంట. మూడు విందులు! ఆగమంటే ఆగని ముఠా తినమంటే ఆగుతుంది. తిన్న తర్వాత పిలిచినా ఓ పట్టాన లేవదు. ఇంజినీర్లు గడియారం చూసి ఆగుతారు, ఉద్దానం ముఠా విస్తరి చూసి ఆగుతుంది. అతనికి ఉన్నపళంగా ఆకలేసింది.

"పెద్దతల్లి సెప్పింది రైటే మాస్టారూ. మూడు స్లాబులే. మూడు విందులే."

"ఏమయ్యా, నువ్వు ఎవరి తరఫు మేస్త్రివి?"

"గోడ తరఫు బాబూ."

మాస్టారు పులిహోర దాటి ఒక్క మెతుకు కూడా పెట్టనన్నారు. సరే, తర్వాత చూసుకుందాం అని సోమేశ్వరరావు రెండో విందుకి తన పెరటి పనసకాయల్ని, మూడో విందుకి టెక్కలి బజారులో తొమ్మిది కిలోల కోడినీ తనే మాట్లాడుకున్నాడు. కోడిని స్థలంలో వండటానికి వీల్లేదు కాబట్టి కల్యాణమండపం వాళ్ళకి రోడ్డుకవతల ఉన్న వంటపాకలో పొయ్యి అడిగి పుచ్చుకున్నాడు. డీజే బాధ అలా ఉంచితే మాస్టారికి ఆ మండపం వల్ల కలిగిన మొదటి ఉపకారం ఇదే.

తెల్లారి అయిదున్నరకి మిల్లరు గొంతు సవరించుకుంది. తట్టలు కదిలాయి. ముఠా కింద నుంచి బల్లల మీదికి, బల్లల మీంచి గోడ నెత్తిమీదికి, ఇల్లు చుట్టూ ప్రదక్షిణంగా పోసుకుంటూ పోయింది. ఏడున్నరకల్లా మొదటి మూడడుగులూ నిండాయి.

"టిఫిన్లు!" అని కేకేశాడు సోమేశ్వరరావు.

ముఠా అనుమానంగా కూర్చుంది. స్లాబు మధ్యలో తినడం వాళ్ళ అనుభవంలో లేదు. పులిహోర బాగుందని ఒప్పుకుంటే పరువు పోతుంది కాబట్టి ఊరికే మూడోసారి పెట్టించుకున్నారు. రామలక్ష్మి గారు గారెల బుట్టతో తిరుగుతూ తిరుగుతూ పైటచెంగు నడుముకి దోపేశారు. గంట ఎటు పోయిందో తెలీదు. సోమేశ్వరరావు గోడ పై అంచులోకి చెయ్యి పెట్టి కాంక్రీటుని బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

రెండో చుట్టు పదిన్నరకి అయింది. పచ్చి జీడిపప్పు వేసి వండిన పనసకాయ కూర, వేడన్నం. ఈసారి ముఠా అనుమానం వదిలేసి ఆకులు వాళ్ళే వేసుకున్నారు. తిన్నవాళ్ళు తిన్నచోటే, కొత్తగోడ నీడలో, కాళ్ళు బార్లా చాపారు. ఒకామె గురక పెట్టింది. ఇరవై రెండు మంది స్లాబు కూలీలు పని మధ్యలో కునుకు తీయడం శ్రీకాకుళం జిల్లా ఎరగదు. సోమేశ్వరరావు వాళ్ళ మధ్యలోంచి మునివేళ్ళ మీద నడిచాడు, పసిపిల్లలున్న ఇంట్లో నడిచినట్టు.

పదకొండు ముప్పావుకి మూడో చుట్టు మొదలైంది. ఇంకా మూడడుగులు. అంతా సవ్యంగా ఉంది, గాలి తప్ప.

గాలి తిరిగింది. రోడ్డవతల పాకలోంచి అల్లం, వెల్లుల్లి, వేగిన కోడి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని వచ్చాయి. ముఠా ముక్కులు ఒకేసారి లేచాయి. తట్టల వేగం చూస్తుండగా రెట్టింపయింది. ప్రదక్షిణం సంగతి మర్చిపోయి, మిల్లరుకి దగ్గరగా ఉందని వంటింటి మూలలోనే గుమ్మరించడం మొదలెట్టారు.

దిమ్మలకి అరంగుళం ఎడంగా, గోడ పొడవునా దారం కట్టి ఉంటుంది. సోమేశ్వరరావు చూసేసరికి వంటింటి మూలలో ఆ అరంగుళం లేదు. దారం గోడని ముద్దు పెట్టుకుంటోంది. థర్మాకోల్ కిర్రుమంది, కొత్త చెప్పుల్లాగా.

"ఆగండి! ఆగండర్రా!"

ఎవరు వింటారు? అతను బల్లెక్కి గోడకి వీపు ఆనించేశాడు. నెత్తిన పచ్చి కాంక్రీటున్న తొమ్మిదడుగుల గోడకి ఎదురుగా ఒక మనిషి వీపు. పోత చూద్దామని బల్లెక్కిన మాస్టారు తెల్ల పంచెలో పక్కనే ఉన్నారు.

"ఏమైందయ్యా?"

"పొట్ట పెడతంది మాస్టారూ! వీపెట్టండి!"

"నేనా?"

"ఇల్లెవులిది బాబూ!"

మాస్టారు వీపు పెట్టారు. వెన్నుకి గోడ ఊపిరి తీసుకుంటున్నట్టు తెలిసింది. వ్యాకరణంలో ఇలాంటి సందర్భానికి సూత్రం లేదు. సోమేశ్వరరావు తల తిప్పి, మిల్లరు దగ్గరున్న పెద్దతల్లి కేసి చూశాడు. ఆమె దారం చూసింది, రెండు వీపులూ చూసింది.

ఆమె గొంతు టెక్కలి బస్టాండు దాకా వెళ్ళే గొంతు. ఆ గొంతుతో "ఆగండి" అనొచ్చు. కానీ తన ముఠా సంగతి ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

"ఓలమ్మో! కోడికూరల ఉప్పెక్కువైపోనాదంట! నౌపడ ఉప్పంతా కుమ్మరించీసినారంట! మల్లీ వండతన్నారంట, గంట పడుద్దంట!"

తట్టలు గాల్లోనే ఆగిపోయాయి. ఒకతను నెత్తి పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. "వండినోడెవుడు?" అని ఇద్దరు ఆవేశంగా రోడ్డు దాటబోతే పెద్దతల్లి అడ్డం నిలబడి, "ముందు ఆ కర్రలెట్టుకురండి, మూల కాయండి, అప్పుడెల్లి కొట్టండి" అంది. కర్రలొచ్చాయి, బల్లలొచ్చాయి, మేకులొచ్చాయి. ఒక్కొక్క ఆపూ బిగుస్తున్నంతసేపూ ఇద్దరూ వీపులు తియ్యలేదు.

పెద్దతల్లి తీరిగ్గా బల్లెక్కి వచ్చి మాస్టారి ముందు నిలబడింది. నడుం మీద చేతులు.

"మాస్టారూ. ఇది గోడా, స్లాబా?"

గోడ మళ్ళీ కిర్రుమంది.

"స్లాబే!" అని అరిచారు యజ్ఞనారాయణ. "స్లాబే తల్లీ! మూడూ స్లాబులే! మూడు విందులూ నావే! ముందు ఆ కర్ర పెట్టించు!"

రోడ్డవతల రామలక్ష్మి గారు కోడికి ఆమడ దూరంలో నిలబడి అన్నం వార్పిస్తున్నారు. భర్త కేక విని చేతిలో గరిటె వదిలేసి, పాక గుంజ పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉండిపోయారు. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆయన ఓడిపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

గంట గడిచింది. దారం అక్కడే ఉంది, గోడా అక్కడే ఉంది. సోమేశ్వరరావు ముందు ఒక భుజం, తర్వాత రెండో భుజం, తర్వాత ఊపిరి వదిలాడు. ఏమీ కాలేదు. మిగిలిన అడుగున్నరా నెమ్మదిగా, ఇల్లు చుట్టూ తిరిగి, రెండున్నరకి పూర్తి చేశారు. అప్పుడు ముఠా రోడ్డు దాటి, కూర నోట్లో పెట్టుకుని, నమిలి, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఉప్పు సరిగ్గానే ఉంది.

"పెద్దతల్లీ, ఇదేటే?"

"తిను ముందు," అందామె, రెండో తొడ లాక్కుంటూ.

వంటింటి మూలలో ఆ రోజు పుట్టిన పొట్ట ఇంకా ఉంది. ప్లాస్టరింగ్ చేసినా అరచెయ్యి పెడితే తెలుస్తుంది. రామలక్ష్మి గారు దాన్ని 'మాస్టారి వీపు' అంటారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. ఆ ఇంట్లో ఇతర ఇబ్బందులు లేకపోలేదు. దేవుడి పటానికి మేకు కొడితే గోడలోకి వేలెడు దిగి, పటంతో సహా కిందికొచ్చింది. లోపలున్న ప్లాస్టిక్ బద్ద ఎక్కడుందో వెతికి, దానికి మర బిగించాలని సోమేశ్వరరావు వచ్చి చూపించేదాకా వెంకటేశ్వరస్వామి వారం రోజులు కుర్చీలో ఉన్నాడు. తలుపు వేసుకుంటే కూరగాయల బండి కేక వినబడదు. మే నెల్లో పక్క మండపంలో పెళ్ళి జరుగుతుంటే డీజే వినబడక, మాస్టారికి నమ్మకం కుదరక, అయిదు నిమిషాలకోసారి తలుపు తీసి మోత ఉందో లేదో చూసుకుని మళ్ళీ వేసుకున్నారు. ముహూర్తం అయ్యేదాకా ఇదే పని. అంత సంతోషంగా ఆయన్ని ఏ పెళ్ళిలోనూ చూడలేదని రామలక్ష్మి గారు చెప్తారు.

గృహప్రవేశానికి పెద్దతల్లి పట్టుచీరలో వచ్చింది. ఫ్యాను కూడా వెయ్యని గదిలో గోడకి జారబడి కూర్చుంది. చెమట ఆరింది. కళ్ళు మూతలు పడ్డాయి. సోమేశ్వరరావు ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. ఏడాదీ రెండు నెలల కిందటి మాట అతను మర్చిపోలేదు.

"ఐసు పెట్టెల మనుసులుంటారేటి అన్నావు."

ఆమె ఒక్క కన్ను తెరిచింది. "ఉంటారు. లెగమంటే లెగరు. ఎల్లు మావా, కూతసేపు తొంగోనీ."

ఇప్పుడతని చేతిలో పలాసలో ఒక జీడిపప్పు గోదాం, టెక్కలిలో ఒక డాక్టరుగారి క్లినిక్కు, వజ్రపుకొత్తూరు దారిలో రెండిళ్ళు ఉన్నాయి. అన్ని పనులకీ కాంక్రీటు పెద్దతల్లి ముఠాదే. ఉద్దానంలో ఆ గోడకున్న ఇంగ్లీషు పేరు ఎవరూ పలకరు. 'మూడు విందుల గోడ' అంటే చాలు. చుట్టుపక్కల మేస్త్రిలు ఇద్దరు ముగ్గురు అతన్ని చూసి నేర్చుకున్నారు. కాంక్రీటు బిగియడం, గంటసేపు ఆగడం లాంటివి వాళ్ళు అంతగా పట్టించుకోరు. పోతకీ పోతకీ నడుమ విందు పెట్టకపోతే గోడకి అరిష్టమని మాత్రం గట్టిగా నమ్ముతారు. ఆచారాలు ఎలా పుడతాయో పరిశోధించేవాళ్ళు పుస్తకాలు మూసేసి ఓసారి పలాస రావచ్చు. వాళ్ళ గోడలు కూడా పగలడం లేదు మరి.

యజ్ఞనారాయణ మాస్టారు గృహప్రవేశం నాడే ఆఖరి వాయిదాతో సహా ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిందంతా ఇచ్చేశారు. పనసకాయలు పెరటివి కాబట్టి సోమేశ్వరరావు వాటికి డబ్బు అడగలేదు. మూడో విందు దగ్గర మాత్రం మాస్టారు పద్దెనిమిదో షరతు తీసి చూపించారు. వీపు గోడకి ఆనించి ఉండగా అన్న మాట ఒప్పందంలోకి రాదని ఆయన వాదన. "మరి ఎదురుగా నిలబడి అడిగింది నానే కదా" అని పెద్దతల్లి వాదన. సోమేశ్వరరావు టెక్కలి వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటికి వెళ్తాడు, చల్లటి గదిలో కూర్చుని కాఫీ తాగుతాడు, ఆ సంగతి ఎత్తుతాడు, ముగ్గురూ నవ్వుకుంటారు, అతను తిరిగొచ్చేస్తాడు. తొమ్మిది కిలోల కోడి, కిలో రెండొందల అరవై లెక్కన, రెండు వేల మూడొందల నలభై రూపాయలు మాస్టారు అతనికి ఇంకా ఇవ్వాలి.